చేతులెత్తిన విజేతని వదిలేయండి, రోడ్డు బొమ్మ వేయండి

2021 అక్టోబర్ 3న, ఉత్తర ఫ్రాన్స్ రాళ్ల బాటల మీద జరిగే పారిస్–రూబే సైకిల్ రేసు గెలిచిన సోనీ కోల్‌బ్రెల్లి ఫోటో సైక్లింగ్ చూసేవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఒళ్లంతా బురద, అందులోంచి కళ్లూ పళ్లూ మాత్రమే తెల్లగా కనిపిస్తూ, రేసు ముగిసే రూబే సైకిల్ ట్రాక్‌లో, అంటే వెలోడ్రోమ్‌లో, సైకిల్‌ని రెండు చేతులతో తలపైకెత్తి అరుస్తున్నాడు. బ్రహ్మాండమైన ఫోటో. అప్పటి నుంచి దాన్ని చూసి వేసిన నీటిరంగుల బొమ్మలు నాకు చాలానే కనపడ్డాయి, అన్నీ దాదాపు ఒకటే. ముఖం ఫోటోలో ఉన్నట్టే, జెర్సీ మీద స్పాన్సర్ అక్షరాలతో సహా ఫోటోలో ఉన్నట్టే, ఇక చుట్టూ ఖాళీలో బ్రష్‌తో చిమ్మిన గోధుమరంగు చుక్కలు. ఆ చుక్కలు చూసి మనం వేగం అనుకోవాలి, బురద అనుకోవాలి. నాకు మాత్రం అలా అనిపించదు. ఫోటోలో ఉన్నదాంట్లోంచి సగం తీసేసి, బదులుగా ఏమీ ఇవ్వలేదనిపిస్తుంది.

నా మాట సూటిగా చెప్తాను. రోడ్డు సైక్లింగ్‌కి నీటిరంగులకన్నా తగిన మాధ్యమం ఇంకోటి లేదు. కానీ వేసేవాళ్లలో ఎక్కువమంది ఎంచుకునే క్షణమే తప్పు. గీత దాటి చేతులెత్తిన క్షణం ఫోటోగ్రాఫర్ సొత్తు, సెకనులో రెండువేలో వంతులో అతను దాన్ని పట్టేస్తాడు, అంతకన్నా బాగా ఎవరూ పట్టలేరు. ఆ గీత దగ్గరికి రావడానికి ముందు నడిచిన ఐదారు గంటల వాన, దుమ్ము, ఎదురుగాలి, అలసట ఉన్నాయే, అవి నీటిరంగులవి.

ఆ రోజునే తీసుకోండి. కోవిడ్ వల్ల ఏప్రిల్‌లో జరగాల్సిన రేసు అక్టోబర్‌కి మారింది, 2002 తర్వాత మొదటిసారి తడిలో జరిగింది. దాదాపు 258 కిలోమీటర్లు, అందులో ఉత్తర ఫ్రాన్స్ పొలాల మధ్య ఎప్పుడో పరిచిన రాళ్ల బాటలు, రాళ్ల సందుల్లో నిలిచిన మట్టినీళ్లు. నాట్లు వేసి గట్టెక్కినవాళ్లలా ఉన్నారు రైడర్లు, ఎవరు ఏ టీమో జెర్సీ చూసి చెప్పే వీల్లేదు. వెలోడ్రోమ్‌కి కలిసి వచ్చిన ముగ్గురూ, అంటే కోల్‌బ్రెల్లి, వెర్మీర్ష్, వాన్ డెర్ పూల్, ఈ రేసులో దిగడం అదే మొదటిసారి. ఇందులో చిత్రకారుడికి కావాల్సింది ఏమిటంటే, రంగులన్నీ పోయి ఒకే రంగు మిగలడం. టీమ్ రంగుల కోసం, గుర్తింపు కోసం కోట్లు పెట్టే ఆటలో అందరూ మట్టిరంగులోకి వచ్చేశారు. దీన్ని వేయడానికి రెండు రంగులు చాలు, ఒక గోధుమరంగు, ఒక నీలం. రెండూ తడిగా ఉండగానే కాగితం మీద కలవనిస్తే వచ్చే బూడిదరంగు ఒక్కోచోట వెచ్చగా, ఒక్కోచోట చల్లగా ఉంటుంది, అచ్చం ఆ రోజు ఆకాశంలా. నీలం అల్ట్రామెరైన్ అయితే రంగు రేణువులు కాగితపు గుంటల్లోకి దిగి, ఇసుక చల్లినట్టు మచ్చలు కడతాయి. అది దానంతటదే అవుతుంది, పక్కనుంచి చుక్కలు చిమ్మాల్సిన పనిలేదు.

రాళ్ల బాట సంగతి కూడా అంతే. ఒక్కో రాయినీ గీసుకుంటూ కూర్చుంటే గోడ వేసినట్టు ఉంటుంది. గరుకు కాగితం మీద, తడి బాగా తగ్గించిన బ్రష్‌ని పక్కకి వాల్చి ఒక్కసారి లాగితే, కాగితంలో మిట్టగా ఉన్నచోట రంగు అంటుకుని పల్లంలో తెలుపు మిగిలిపోతుంది. తడిసిన రాళ్ల మీద వెలుతురు తళుక్కుమనడం అదే. రెండోసారి లాగితే చెడిపోతుంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీలో నీటిరంగుల్ని దగ్గరగా నిలబడి చూసినవాళ్లకి ఈ మాధ్యమం స్వభావం నేను చెప్పక్కర్లేదు. ఇందులో తెలుపు అంటే కాగితమే, దాన్ని మొదటి నుంచీ కాపాడుకుంటూ రావాలి.

ఈ తెలుపు దగ్గరే 1988 జిరో డి ఇటాలియా, అంటే ఇటలీలో రోజుకో స్టేజ్‌గా వారాలపాటు సాగే రేసు, గుర్తొస్తుంది. జూన్ 5న గావియా కనుమ ఎక్కాలి, ఎత్తు 2,600 మీటర్ల పైమాటే, అప్పటికి పైదారి మట్టిరోడ్డు. కింద వాన, పైకి వెళ్లేకొద్దీ మంచు. స్టేజ్ గెలిచింది డచ్ రైడర్ ఎరిక్ బ్రూకింక్, ఆ రోజు మొత్తం రేసులో ఆధిక్యంలోకి వచ్చి గులాబీ జెర్సీ అందుకుని చివరికి జిరో గెలిచింది అమెరికన్ ఆండీ హాంప్‌స్టెన్. మంచులో తొక్కుతున్న అతని ఫోటోలు ప్రసిద్ధం. ఆ ఫోటోని నీటిరంగుల్లో వేయాలనుకున్న మనిషికి మంచు పెద్ద పరీక్ష. పడుతున్న రేకుల్ని చివర్లో తెల్ల గువాష్‌తో, అంటే కిందిది కనపడనివ్వని దట్టమైన రంగుతో, చుక్కలు పెట్టుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు, బొమ్మ గ్రీటింగ్ కార్డులా తయారవుతుంది. లేదంటే రేకులు పడే చోటల్లా ముందే మాస్కింగ్ ద్రవం పెట్టి, మీద ముదురు కొండని పరిచి, ఎండాక ద్రవాన్ని రుద్ది తీసేయాలి. ఇంకా ధైర్యం ఉంటే రైడర్ అంచుల్నే వదిలేయాలి, భుజం ఎక్కడ ఆగిందో మంచు ఎక్కడ మొదలైందో తెలియకుండా. నాకు ఈ మూడోదే సరైనదనిపిస్తుంది. ఆ దిగుడులో వాళ్లకి సరిగ్గా జరిగింది అదే, చేతులెక్కడున్నాయో తెలియలేదు, బ్రేకులు నొక్కుతున్నారో లేదో తెలియలేదు. అంచులన్నీ కత్తిరించినట్టు గీస్తే చలి పోయి టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మ మిగులుతుంది.

పసుపు జెర్సీ ఇంకో గొడవ. 1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టింది లోటో అనే పత్రిక, అది పసుపు కాగితం మీద అచ్చయ్యేది, 1919 నుంచి ఆధిక్యంలో ఉన్నవాడికి పసుపు జెర్సీ ఇస్తున్నారు. జిరోని నడిపిన గజెట్టా పత్రికది గులాబీ కాగితం, అందుకే అక్కడ గులాబీ జెర్సీ. రేసుల్లో అందరి కళ్లూ ఉండే రంగు పసుపే, కానీ పేజీ మీద అన్నిటికన్నా లేతగా ఉండేదీ అదే, తెలుపుకి ఒక మెట్టు కింద. నీడ కోసం నలుపు కలిపితే ఆకుపచ్చ దిగుతుంది, ఊదా కలిపితే మురికవుతుంది. కొత్తవాళ్లు జెర్సీని ముదురు చేస్తూ చేస్తూ చివరికి ఆవాల ముద్ద రంగుకి తెస్తారు. తెలిసినవాళ్లు జెర్సీని దాదాపు ముట్టుకోరు, ఒక్క పల్చటి పొర వేసి వదిలేసి చుట్టూ ఉన్నదాన్ని ముదురు చేస్తారు. వెనక కొండ నీడలో ఉండాలి, పక్కనున్నవాళ్లు ముదురు జెర్సీల్లో ఉండాలి, అప్పుడు ఆ పసుపు తనంత తాను వెలుగుతుంది. ఇలా వేసిన బొమ్మలో ఆటలోని నిజం కూడా ఒకటి బయటపడుతుంది. పసుపు జెర్సీ వెలగడానికి చుట్టూ ఏడుగురు టీమ్‌మేట్లు రోజంతా గాలికి ఎదురుగా ముందుండి లాగుతారు, నీళ్ల సీసాలు మోసుకొస్తారు, వాళ్ల పేర్లు మర్నాడు పేపర్లో ఉండవు. వాళ్లని నీడగా వేస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

చక్రాల విషయం చెప్పకపోతే ఈ చర్చ పూర్తికాదు. పుల్లలు గీయాలా వద్దా? ఈ చిక్కు సైకిల్ పుట్టకముందే తీరిపోయింది. మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్ 1650ల నాటి నూలు వడికే ఆడవాళ్ల చిత్రం ఉంది, అందులో తిరుగుతున్న రాట్నానికి పుల్లలు లేవు, పల్చటి మెరుపు మాత్రమే ఉంది. కన్ను చూసేది అదే. కెమెరా ఎక్కువ షటర్ వేగంతో పుల్లల్ని ఆపేస్తుంది కాబట్టి, ఫోటో చూసి వేసేవాళ్లు ఆగిన పుల్లల్ని ఒక్కొక్కటిగా గీస్తారు, గంటకి 60 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న మనిషి స్టాండు వేసి నిలబెట్టిన సైకిల్ మీద కూర్చున్నట్టు కనిపిస్తాడు.

వందేళ్ల కిందటి చిత్రకారులు దీన్ని ఇంకోలా పట్టుకున్నారు. 1912లో జాన్ మెట్జింజర్ వేసిన వెలోడ్రోమ్ చిత్రం వెనిస్ పెగ్గీ గుగెన్‌హైమ్ సంగ్రహంలో ఉంది, అందులో ఉన్నది ఆ ఏటి పారిస్–రూబే విజేత షార్ల్ క్రూపెలాండ్ అని చెప్తారు. రంగులో ఇసుక కలిపాడు, రైడర్ ముఖంలోంచి ప్రేక్షకులు కనపడేలా వేశాడు. మరుసటేడు బొచ్చోని వేసిన సైక్లిస్టులో మనిషీ సైకిలూ గాలీ కలిసిపోయి ఏది ఏదో విడదీయలేం. రెండూ తైలవర్ణాలే. కానీ ఒకదాంట్లోంచి ఇంకోటి కనపడటం అనేది నీటిరంగులకి పుట్టుకతో వచ్చిన గుణం కదా, పొర మీద పొర వేస్తే కిందిది కనపడుతూనే ఉంటుంది. ఆ దారిలో ఇవాళ్టి సైక్లింగ్ చిత్రకారులు ఎందుకు పోవడం లేదన్నది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. కొనేవాళ్లకి తమ అభిమాన రైడర్ ముఖం గుర్తుపట్టేలా కావాలి, అది అర్థమవుతుంది. అయితే 2003 నుంచి హెల్మెట్ తప్పనిసరి, దానికి పెద్ద కళ్లద్దాలు తోడు, అసలు ముఖమే ఎంత కనపడుతుంది? సైక్లింగ్ చూసేవాళ్లు రైడర్‌ని గుర్తుపట్టేది కూర్చున్న తీరులో. మోచేతులు బయటికి పెట్టి తల కిందికి వాల్చి తొక్కితే ఫ్రూమ్, కొండ మీద కూడా హ్యాండిల్ కిందిభాగం పట్టుకుని లేచి తొక్కితే పాంతాని. నాలుగు బ్రష్ గీతల్లో వచ్చేస్తారు వీళ్లు, లోగో అక్కర్లేదు.

2018 స్ట్రాడె బియాంకె రేసు గురించి చెప్పాలి, నన్ను అడిగితే ఈ తరం చిత్రకారులకి దొరికిన గొప్ప రోజుల్లో అదొకటి. ఇటలీలో టస్కనీ తెల్ల కంకరరోడ్ల మీద వాన, అందరూ మట్టి బొమ్మలు. గెలిచింది టీష్ బెనూట్. కానీ వేయాల్సింది అతన్ని కాదు. ముగింపుకి కొద్ది దూరంలో సియెనా ఊళ్లో నిట్టనిలువు సందు ఉంది, అందులో ఎక్కుతూ వౌట్ వాన్ ఆర్ట్ కాళ్లు పట్టేసి పడిపోయాడు, లేచి మళ్లీ ఎక్కి మూడో స్థానంలో వచ్చాడు. రెండువైపులా ఇటుకరంగు గోడలు, కింద తడి రాతిబాట, మధ్యలో మట్టిరంగు మనిషి. ఆ గోడల రంగు వేయడానికి మన రంగుల పెట్టెలో ఉండే సియెనా మట్టిరంగు పూర్వం ఆ ఊరి చుట్టుపక్కల నేలలోంచి తవ్వి తెచ్చిందే. అదే మట్టి నీళ్లలో కలిసి అతని కాళ్ల మీద కూడా ఉంది. రేసుకీ రంగుకీ ఇంత దగ్గర చుట్టరికం ఉన్న చోటు ఇంకోటి నాకు తెలీదు.

కోల్‌బ్రెల్లి గెలిచిన దానికి ముందు రోజు ఆడవాళ్లకి జరిగిన మొట్టమొదటి పారిస్–రూబే కూడా అలాంటిదే. 2021 అక్టోబర్ 2న లిజీ డైగ్నన్ 80 కిలోమీటర్లకి పైగా ఒంటరిగా తొక్కి గెలిచింది, చేతికి గ్లౌజులు లేవు, రేసు అయ్యాక హ్యాండిల్ మీద రక్తపు మరకలున్నాయి. ఆమె నవ్వు ముఖం బొమ్మలు చూశాను. ఆ హ్యాండిల్‌ని, ఒక్క ఎరుపుతో, ఎవరైనా పెద్ద కాగితం మీద వేస్తే చూడాలనుంది.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. 2017 నుంచి టూర్ ప్రతి స్టేజ్‌ని మొదటి నుంచి చివరిదాకా టీవీలో చూపిస్తున్నారు, మనకి ఇక్కడ రాత్రి 9 ప్రాంతంలో ముగింపు చూసి పడుకోవచ్చు, ఇంక బొమ్మలెందుకు? పైగా ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే ఏ ఫోటో అయినా నీటిరంగుల్లా మారిపోతోంది. ఆ ఫిల్టర్ బొమ్మని కాస్త దగ్గరగా చూడండి. గడ్డీ ముఖం చక్రం ఆకాశం అన్నీ ఒకే మోతాదులో అలికి ఉంటాయి. ఏది వదలాలో దానికి తెలియదు. పక్కగాలి వీచినప్పుడు గుంపు రోడ్డుకి అడ్డంగా ఏటవాలు వరసగా విచ్చుకుంటుంది, ఒకరి వెనక ఒకరు గాలి చాటుకి. గాలి కంటికి కనపడదు, ఆ ఏటవాలు గీత ఒక్కటే దాని సాక్ష్యం. మనిషి వేస్తే ఆ గీతనొక్కటి ఉంచి, మిగతా పొలమంతా ఒక్క లేత పొరలో తేల్చేస్తాడు, గాలి కనపడుతుంది. ఫ్రెంచి పత్రికల్లో టూర్ బొమ్మలు వేసిన పెలోస్ కొండలకి ముఖాలు పెట్టి రాక్షసుల్లా గీసేవాడు, టీవీ లేని కాలంలో పాఠకుడికి ఆ కొండ ఎంత భయమో అతని గీతలో తెలిసేది. ఐదు గంటల ప్రసారం చూసినా ఆ భయం నాకు అంతగా తెలియదు.

ఫోటో చూసి వేయడం నేరమని నేననను, చాలామందికి వేరే దారి లేదు. కానీ వానలో మోటార్‌సైకిల్ వెనక కూర్చుని తీసిన మనిషి పేరు బొమ్మ కింద రాయడం, అమ్మేటట్టయితే ముందు అతన్ని అడగడం, ఇవి మొహమాటానికి చేసేవి కావు, చేసి తీరాలి.

వేరే దారి అస్సలు లేదనీ కాదు. ఆల్ప్స్‌లో, పిరనీస్‌లో జనం ముందు రోజే వచ్చి రోడ్డు పక్కన గుడారాలు వేసుకుంటారు. కాగితం, పెట్టె పట్టుకుని కూర్చున్నవాడికి కొండనీ రోడ్డు మలుపునీ జనాన్నీ వేసుకోవడానికి బోలెడంత సమయం, రైడర్లు వచ్చే చోటు మాత్రం తెల్లగా వదిలి ఉంచుకోవాలి. ముందున్నవాళ్లు వచ్చి వెళ్లిపోతారు, కెమెరాలూ వాళ్ల వెనకే పోతాయి. అరగంట తర్వాత వస్తారు చివరి గుంపు, కొండ ఎక్కడం చేతకాని స్ప్రింటర్లు, పొద్దుటి నుంచి ఇతరుల కోసం లాగి లాగి అలిసిపోయినవాళ్లు, కాలపరిమితి లోపల చేరకపోతే మర్నాడు రేసులో ఉండరు కాబట్టి ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నెమ్మదిగా ఎక్కుతుంటారు. ఆ నెమ్మదిలో బ్రష్‌కి అందుతారు. ఆ గుంపుని అక్కడే కూర్చుని వేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ బొమ్మలో ఒక్క ముఖం కూడా పోల్చుకోలేకపోయినా, నేను కొనుక్కుంటాను.