లాగి వదిలితే యాప్

లో-కోడ్ డెవలపరును, అంటే కోడ్ పెద్దగా రాయకుండానే యాప్‌లు కట్టేవాణ్ణి, పనిలో పెట్టుకోదలచిన వ్యాపారులకు నా మొదటి సలహా ఏమిటంటే, మీకు ఏం కావాలో అతనికి ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి. తెర మీద బొమ్మలను లాగి వదిలితే యాప్ తయారవుతుందని అమ్మకందారు స్వయంగా చేసి చూపించినప్పుడు, ఆ యాప్ ఏం చెయ్యాలో ఆలోచించే శ్రమ యజమాని నెత్తిన పడటం న్యాయం కాదు.

ఉద్యోగ ప్రకటన విషయంలో కొంత శ్రద్ధ అవసరం. కోడింగు రానివారు కూడా చేయగల పని కనుక జీతం తక్కువగా ఉంటుందని మొదటి వాక్యంలో చెప్పాలి. బండి ఎక్కడైనా ఆగిపోతే కోడ్ రాయవలసి వస్తుంది కనుక జావాస్క్రిప్టు, ఎస్‌క్యూఎల్, ఏపీఐలు క్షుణ్ణంగా తెలిసి ఉండాలని రెండో వాక్యంలో కోరాలి. ఈ రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి చూసుకోకుండా ఒకే ప్రకటనలో కాపురం చేయగలగడం మన నియామక విభాగాలు సాధించిన ఘనత.

ఈ ఆశ కొత్తదేమీ కాదు. 1959లో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు రూపకల్పన చేసినప్పుడే, ప్రోగ్రాము మామూలు ఇంగ్లీషు వాక్యాల్లా ఉంటే ఆఫీసు నడిపేవారు కూడా చదువుకోగలరని పెద్దలు భావించారు. 1979లో విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాము వచ్చి లెక్కల గళ్ళను నేరుగా గుమాస్తాల చేతికి అందించింది. 2014లో ఫారెస్టర్ అనే విశ్లేషణ సంస్థ ఈ కోవలోని సాధనాలకు లో-కోడ్ అని నామకరణం చేసింది. ఇలా అరవై ఏళ్ళకు పైగా ప్రపంచానికి ప్రోగ్రామర్ల అవసరం తీరిపోతూనే ఉంది గాని, బెంగళూరులో వారికి అద్దెకిచ్చే మంచాలు మాత్రం చాలడం లేదు.

ఆ మంచాల దగ్గరికే వద్దాం. మారతహళ్ళిలో నూట ఇరవై మంచాల పీజీ నడిపే ఒక ప్రకాశం జిల్లా పెద్దమనిషిని ఊహించుకోండి. అద్దెలు, అడ్వాన్సులు, ఖాళీ చేసేవారి లెక్కలు చూడటానికి ఆయన ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నాడు. కుర్రవాడిది శ్రీకాకుళం, జీతం కొంత డబ్బుగా, కొంత మూడో అంతస్తులో కిటికీ లేని గదిగా ముట్టేది. అతను మొదటి రోజే ఒక అపచారం చేశాడు: నియమాలు అడిగాడు.

"నోటీసు ఎన్ని రోజులండీ?"

"నెల రోజులు. ఇవ్వకపోతే నెల అద్దె కోత. మనవాడైతే వారం చాల్లే."

"మనవాడంటే ఎవరు సార్?"

"చూస్తే తెలియదా తమ్ముడూ?"

ఊరికి వెళ్ళి భోజనం చెయ్యని రోజులకు తగ్గింపు ఇస్తారా అని అడిగితే, ఇవ్వమనీ, గట్టిగా అడిగితే ఇస్తామనీ జవాబు వచ్చింది. ఏసీ గదిలో కరెంటు బిల్లును ఎలా పంచాలన్న ప్రశ్నకు, ఆ గదిలో ఎవరు మెత్తగా ఉంటే వారి మీద ఎక్కువ వెయ్యాలన్న స్పష్టమైన విధానం బయటపడింది. తెర మీదికి లాగడానికి బటన్లున్నాయి, పట్టికలున్నాయి, తేదీ గడులున్నాయి. యజమాని మొహమాటాన్ని లాగి వదిలే బొమ్మను మాత్రం ఇప్పటివరకు ఏ కంపెనీ తయారు చేయలేదు. కుర్రవాడు చాలా ఆలోచించి 'మనవాడు' అని ఒక టిక్కు గడి పెట్టి, దాన్ని నొక్కే అధికారం యజమానికొక్కడికే ఇచ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో అసలైన ఇంజనీరింగ్ ఇదేనని నా అభిప్రాయం. దీనికి ఒక్క పంక్తి కోడ్ కూడా పట్టలేదు కనుక యజమాని దాన్ని పనిగా లెక్కించలేదు.

యాప్ నాలుగు నెలలు ముచ్చటగా నడిచింది. అయిదో నెల నుంచి మొత్తం వసూలు అంకె కదలడం మానేసింది. కుర్రవాడు వాడింది మైక్రోసాఫ్ట్ వారి లో-కోడ్ సాధనం పవర్ యాప్స్. అందులో ఒక లెక్కను డేటా ఉన్న చోటికే పంపి చేయించుకోవడం కుదరనప్పుడు, యాప్ మొదటి 500 వరుసలను మాత్రమే తెచ్చుకుని వాటితోనే సరిపెట్టుకుంటుంది. రసీదులు దాచిన షేర్‌పాయింట్ అనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ అరలోని జాబితాలో కూడిక అటువంటి లెక్కే. ఈ పరిమితిని మహా అయితే 2000 దాకా పెంచుకోవచ్చు. తయారుచేసేవాడికి హెచ్చరిక కనబడుతుంది; వాడేవాడికి అంకె మాత్రమే కనబడుతుంది. కుర్రవాడు ఆ హెచ్చరికను మొదటి నెలలోనే చూపించి, లెక్కను వేరే పద్ధతిలో కట్టడానికి వారం గడువు అడిగితే, లాగి వదిలే పనికి వారమెందుకని యజమాని మందలించాడు. నెలకు నూట ఇరవై రసీదుల చొప్పున 500 ఎప్పుడు దాటుతుందో లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. ఎంతమంది అద్దె కట్టినా పెరగని ఈ ఆదాయాన్ని ఆడిటరు గారు మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారని వినికిడి.

లైసెన్సు రుసుము వాడేవారి తలను బట్టి నెలనెలా కట్టాలి కనుక మేనేజరు, వంటమనిషి, వాచ్‌మన్ అందరూ యజమాని లాగిన్‌తోనే పని కానిచ్చారు. గల్లాపెట్టెలో డబ్బు తగ్గిన రోజున రికార్డులన్నీ ముక్తకంఠంతో యజమాని పేరే చెప్పాయి.

లెక్క సరిచేయడానికి కుర్రవాడు మళ్ళీ గడువు కోరాడు. ఈసారి ఆయన మందలింపుతో ఆగకుండా కొత్త ప్రకటన వేశాడు. అందులో అర్హతలు పెరిగాయి, జీతం అలాగే ఉంది. అది చూసిన కుర్రవాడు వేరే ఉద్యోగం వెతుక్కుని, పది రోజుల్లో గది ఖాళీ చేస్తానని చెప్పాడు. అతను కట్టిన యాప్ అతను రాసుకున్న నియమం ప్రకారం, ఒక్క పైసా తేడా లేకుండా, అతని అడ్వాన్సులో నెల అద్దె కోసేసింది. 'మనవాడు' గడి ఖాళీగా ఉంది. దాన్ని ఒక్కసారి నొక్కమని కుర్రవాడు బతిమాలితే యజమాని ఫోను చేతిలోకి తీసుకుని, తెరను పైకీ కిందికీ జరిపి చూసి, ఎంతో జాలిగా అన్నాడు:

"నా చేతుల్లో ఏముంది తమ్ముడూ, సిస్టమ్ ఒప్పుకోవడం లేదు."