పడవకు పెట్టే శ్రద్ధలో సగమైనా ట్రైలరుకు పెట్టండి

చెన్నైలో సొంత పడవ కొనుక్కున్న మన తెలుగు మిత్రులు దాని ఇంజను గురించీ రంగు గురించీ గంటల తరబడి మాట్లాడతారు గానీ, ఆ పడవను రోడ్డు మీద మోసుకుపోయే ట్రైలరు ఊసే ఎత్తరు. ఇది నాకు నిర్లక్ష్యంగానే కాదు, అన్యాయంగా కూడా కనిపిస్తుంది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వేగంగా పోతున్నప్పుడు ట్రైలరు చక్రం ఊడిపోతే ప్రాణాపాయం పడవ యజమాని కన్నా ముందు వెనక స్కూటరు మీద వస్తున్న కుటుంబానికి.

ఇంజను లేదు కనుక ట్రైలరు బండి కాదని వాదించేవారు 1988 నాటి మోటారు వాహనాల చట్టం చదవాలి. మోటారు వాహనానికి అందులో ఇచ్చిన నిర్వచనంలోనే ట్రైలరు కూడా ఉంది. కాబట్టి రిజిస్ట్రేషను లేకుండా దాన్ని రోడ్డెక్కించడానికి వీల్లేదు.

అయితే నా అసలు బాధ కాగితాల గురించి కాదు, చక్రాలు తేలిగ్గా తిరిగేలా చేసే బేరింగుల గురించి. దూరం నుంచి వచ్చిన ట్రైలరు హబ్బులు, అంటే బేరింగులుండే చక్రాల నడిమి భాగాలు, వేడెక్కి ఉంటాయి. రేవుకు చేరగానే వాటిని నీళ్ళలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీలోకి, గ్రీజును లోపల పట్టి ఉంచే సీలు అంచుల్లోంచి ఉప్పునీరు చొరబడుతుంది. నీరు కలిసిన గ్రీజు పాలలా తెల్లబడి, జిగట పోగొట్టుకుంటుంది. ట్రైలరు కొన్ని వారాలు కదలకుండా నిలిచి ఉన్నప్పుడు ఆ తేమకు బేరింగులోని రోలర్ల మీద తుప్పు గుంటలు పడతాయి, మరోసారి రోడ్డెక్కినప్పుడు బేరింగు పట్టేస్తుంది. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు: హబ్బులు చల్లారేదాకా ఆగి, ఆ తరువాతే నీళ్ళలోకి దించాలి. ఏడాదికి ఒకసారైనా బేరింగులు విప్పి, కడిగి, నీటికి తట్టుకునే గ్రీజు కూరి, కొత్త సీళ్ళు వేయించాలి. గ్రీజు ఎక్కువైతే మంచిదే కదా అని గ్రీజు గన్నుతో అదే పనిగా కొట్టేవారున్నారు. ఆ ఒత్తిడికి వెనక సీలు బయటికి తోసుకొస్తుంది. బయలుదేరే ముందు జాకీ ఎత్తి చక్రాన్ని తిప్పి చూస్తే గరగర వినిపిస్తుందేమో తెలుస్తుంది, పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలుస్తుంది.

ట్రైలరు టైర్లు అరిగి పాడవడం అరుదు. చెన్నై ఎండలో నిలబడి నిలబడి పక్కలు పగుళ్ళిచ్చి పాడవుతాయి. టైరు మీద ఉండే తేదీ సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాత టైర్లకు గాడులు కొత్తగా కనిపించినా నేను నమ్మను.

బరువు పంపకం గురించి నెల్లూరు, కృష్ణపట్నం వైపు హైవే మీద లాక్కెళ్ళేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం దాకా కారు కొక్కెం మీద పడాలి, అంటే 1,000 కిలోల పడవకూ ట్రైలరుకూ కలిపి 50 నుంచి 100 కిలోలు. పెట్రోలు డబ్బాలూ ఐసు పెట్టెలూ వెనక్కి చేర్చి ఆ బరువు తగ్గిస్తే, పక్కనుంచి బస్సు దూసుకుపోయినప్పుడు ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది, ఆపడం ఎవరి తరమూ కాదు. భద్రతా గొలుసులను కొక్కెం కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటించి కట్టాలి. కారు కొక్కేనికి తగిలించే కప్లరు ఊడినా ట్రైలరు ముందు భాగం రోడ్డుకు గుచ్చుకోకుండా అవి మోస్తాయి. వించి (చేత్తో తిప్పి పట్టీని చుట్టే చక్రం) పట్టీ పడవను పైకి లాగడానికే గానీ ప్రయాణంలో పట్టి ఉంచడానికి చాలదు. దానికి తోడు ముందు ఒక గొలుసు, వెనక రెండు పట్టీలు ఉండి తీరాలి.

కారుకు కలిపి ఉండే ట్రైలరు లైట్ల ప్లగ్గును నీళ్ళలోకి దిగేముందే ఊడదీయాలి.

ఉప్పునీళ్ళలోంచి బయటికి వచ్చిన రోజే ట్రైలరును మంచినీళ్ళతో, ముఖ్యంగా కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) సందుల్లోనూ బ్రేకు డ్రమ్ముల లోపలా, కడగాలి. ఆ పని వాచ్‌మన్‌కు అప్పగించి మేడెక్కేవారు కనీసం అతను కడుగుతున్నంతసేపు పక్కన నిలబడి, యాక్సిలును పట్టి ఉంచే యూ బోల్టులు ఎంత తుప్పు పట్టాయో స్వయంగా చూడాలని అడుగుతున్నాను.