సవరణ: మైనపు మసకకు రబ్బింగ్ కాంపౌండ్ వాడవద్దు

కొత్త కారుకు డీలరు పూయించిన వాక్స్ తెల్లటి మసకగా మిగిలితే రబ్బింగ్ కాంపౌండ్‌తో (గరుకు రేణువులున్న పాలిష్ పేస్టుతో) రుద్దమని నేను ఇంతకుముందు రాసింది తప్పు. దయచేసి ఎవరూ అలా చేయవద్దు. ఆ మసక చాలావరకు వేడెక్కిన బానెట్‌పై మందంగా పూసి, సరిగా తుడవకుండా వదిలేసిన మైనమే. కాంపౌండ్ మాత్రం దాని కింద సాధారణంగా 40–50 మైక్రాన్ల మందమే ఉండే క్లియర్ కోట్‌ను (రంగుపై ఉండే పారదర్శక రక్షణ పొరను) కూడా అరగదీస్తుంది, అరిగిన పొర మళ్లీ రాదు. కారును నీడలో చల్లారనిచ్చి, కడిగి, క్విక్ డిటైలర్ (కారు పైభాగం తుడవడానికి వాడే స్ప్రే) కొద్దిగా చల్లిన శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో ఒక్కో భాగాన్నీ మెల్లగా తుడిచి, వెంటనే పొడి గుడ్డతో మరోసారి తుడవాలి. పూసింది మైనం కాక సిరామిక్ కోటింగ్ (ఆరాక గట్టిపడే రక్షణ పూత) అయితే, గట్టిపడిన మచ్చలు ఇలా పోవు; వాటిని పాలిష్ చేసి అక్కడ మళ్లీ పూయాలి గనుక, ఆ పని డీలరు చేతనే చేయించండి. నా పాత సలహా పాటించినవారికి క్షమాపణలు.