ఫొటోకి తప్ప ఇంక దేనికీ కాదా?

నిన్న సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ యుద్ధ స్మారకం దగ్గరికి వెళ్లాను. గట్టు మీద సగం తినేసిన మురీ మిక్చర్ పొట్లం, పక్కన తాగేసిన కొబ్బరిబొండాం. ఓ కుర్రాడు కాళ్లు చాపుకుని సెల్ఫీ దిగుతున్నాడు. “బాబూ, ఇదేంటో తెలుసా?” అన్నాను. “ఫొటోలు బాగా వస్తాయి అంకుల్.”

ఒళ్లు మండిపోయింది. ఈ నీళ్లలోనే కదయ్యా, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది! మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ మన గుమ్మం దాకా వచ్చింది. ఆ రోజుల్లో మా అమ్మ కిటికీలకి నల్ల కాగితాలు అంటించి, దీపం ఆర్పేసి, మమ్మల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చీకట్లో ఆవిడ గాజుల చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

అటు డయ్యూ దగ్గర డిసెంబరు 9న మన యుద్ధనౌక ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని వదల్లేదు, దాంతోనే వెళ్లిపోయాడు. ఈ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఎవరు చెప్పారు కనక? మ్యూజియంగా మార్చిన జలాంతర్గామి కురుసురా చూపిస్తామని బస్సుల్లో తెస్తారు, “నడవండి, నడవండి” అని తోసేస్తారు, ఐస్‌క్రీమ్ కొనిపెట్టి తీసుకుపోతారు. ఇంట్లో మనమైనా చెప్పామా? నేవీ డే నాడు హెలికాప్టర్లు చూడ్డానికి భుజాలకెక్కించుకుంటాం. ఆ రోజు డిసెంబరు 4నే ఎందుకో ఒక్క ముక్క చెప్పం.

ఆ పొట్లం నేనే తీసి చెత్తడబ్బాలో వేశాను. కుర్రాడు ఫోన్లోంచి తలెత్తలేదు.