లేజర్ బలం ఉన్నా ముహూర్తం కుదరాలి

పెటావాట్ (10¹⁵ వాట్ల) లేజర్ల వార్త వస్తే చాలు, ‘వెలుగులోంచి పదార్థం’ అని శీర్షిక పెట్టేస్తారు. అబద్ధమేమీ కాదు. 1990ల్లో అమెరికాలోని స్లాక్ అనే కణ త్వరణ పరిశోధనశాలలో ఈ-144 ప్రయోగం అది చేసి చూపించింది. 46.6 జీఈవీ (ఒక జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) ఎలక్ట్రాన్లకు ఎదురుగా 527 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ పంపితే, చెదిరిన ఫోటాన్లకు (వెలుగు కణాలకు) 29 జీఈవీ దాకా శక్తి వచ్చింది. అవి మళ్లీ అదే లేజర్‌కు తగిలి పాజిట్రాన్లను, అంటే ఎలక్ట్రాన్లకు ధనావేశపు జంటలను, పుట్టించాయి. వేల షాట్లకు (లేజర్ ఒక్కసారి కొడితే ఒక షాట్) దొరికినవి నూరు పైచిలుకే. శీర్షికల్లో కనిపించని అంకె ఇదే.

లేజర్ తీవ్రత పెంచితే ఫోటాన్ శక్తి పెరుగుతుందనుకోవడం ఇంకో పొరపాటు. 1 జీఈవీ ఎలక్ట్రాన్లు, 800 నానోమీటర్ల లేజర్ ఎదురెదురుగా తగిలితే ఫోటాన్ గరిష్ఠ శక్తి సుమారు 23 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు). లేజర్ తీవ్రతను చదరపు సెంటీమీటరుకు 2×10¹⁸ వాట్లకు తీసుకెళ్లండి. ఎలక్ట్రాన్ ఆ క్షేత్రంలో ఊగుతూ బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది, ఒక్క లేజర్ ఫోటాన్‌ను మింగినప్పటి గరిష్ఠం 16 ఎంఈవీ దగ్గరికి దిగుతుంది. రెండు, మూడు కలిపి మింగినవి ఆ పైన కనిపిస్తాయి. పల్స్ అంచుల్లో, నడిమధ్యలో తీవ్రత వేరు కాబట్టి వర్ణపటం మొత్తం అలుక్కుపోతుంది. ఒకే శక్తి గల గామా కిరణాలు (ఈ ఎంఈవీ ఫోటాన్లే) కావాలంటే లేజర్ తీవ్రతను తగ్గించుకోవాల్సిందే.

అసలు చిక్కు ముహూర్తం దగ్గర. లేజర్‌ను 2 మైక్రాన్ల వ్యాసార్ధానికి కుదిస్తే, ఆ బిగువు నిలిచేది అటూ ఇటూ 16 మైక్రాన్లే. 100 ఫెమ్టోసెకన్లు (ఒక ఫెమ్టోసెకన్ 10⁻¹⁵ సెకను) ఆలస్యమైతే ఢీకొనే చోటు 15 మైక్రాన్లు జరుగుతుంది, తీవ్రత సగమవుతుంది. ఇంకో లేజర్ వాయువును కొట్టి చేసిన ప్లాస్మాలో తయారైన ఎలక్ట్రాన్ పుంజం 1 మిల్లీరేడియన్ పక్కకు వంగితే, సెంటీమీటరు దూరంలో 10 మైక్రాన్లు తప్పిపోతుంది. గురి తప్పిన షాట్‌లోనూ డిటెక్టర్ వెలుగుతుంది: ఎలక్ట్రాన్లు గోడకు తగిలి పుట్టించే గామా కిరణాల వల్ల. అందుకే ఢీకొట్టే లేజర్ ఆపి తీసిన షాట్లు కూడా బోలెడు కావాలి. సరిగ్గా ఎదురెదురుగా పెడితే ఒక లేజర్ కిరణం నేరుగా వెళ్లి రెండో లేజర్ ఆంప్లిఫయర్లనే కాల్చొచ్చు, కాబట్టి అద్దంలో రంధ్రం పెట్టి దారి ఇస్తారు.

ఇండోర్‌లో 150 టెరావాట్ల లేజర్ ఉంది. నా లెక్కలో మన కొరత వాట్లు కాదు, కొలత. ఆ పని తెలిసినవాళ్లు బెంగళూరులో ఉన్నారు. సదాశివనగర్‌లోని రామన్ పరిశోధన సంస్థ చేసిన పోలిక్స్ అనే పరికరం 2024 జనవరి 1న ఇస్రో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్‌తో కక్ష్యకెక్కింది. బెరీలియం మీద చెదిరిన 8–30 కేఈవీ (ఒక కేఈవీ వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు) ఎక్స్ కిరణాలను చుట్టూ నాలుగు వాయు డిటెక్టర్లతో పట్టి ధ్రువణం, అంటే ఆ తరంగాలు ఊగే దిశ, తేలుస్తుంది. ఎంఈవీ ఫోటాన్లకు ఆ వాయు డిటెక్టర్లు చాలవు, సీజియం అయొడైడ్ లాంటి బరువైన స్ఫటికాలు వరుసగా పేర్చాలి. నేపథ్యం నుంచి సంకేతాన్ని విడదీసే ఓపిక మాత్రం అదే. ఈ ఊళ్లో సర్క్యూట్ బోర్డులు గీసే తెలుగు ఇంజినీర్లకు ఫెమ్టోసెకన్ టైమింగ్ కన్నా మంచి పని ఏముంది? ఇకపై ఇలాంటి వార్త చదివితే వాట్లు తర్వాత చూడండి. నూటికి ఎన్ని షాట్లు తగిలాయో ముందు వెతకండి.