అరుగు లేని వీధి

ఒడిశాలోని మన బరంపురం పాత వీధుల్లో అరుగులు ఒక్కటొక్కటే పోతున్నాయి. కొన్ని కాలువ వెడల్పులో కలిశాయి, కొన్ని దుకాణాలయ్యాయి, మిగిలినవాటికి ఇనుప కటకటాలు వచ్చాయి. అరుగంటే సాయంత్రం కబుర్ల చోటు మాత్రమే కాదు. బడాబజారు నుంచి కూరల సంచీ మోసుకొచ్చే పెద్దావిడకు నాలుగిళ్లకొక మజిలీ. అది లేకపోయేసరికి ఆవిడ బజారుకే వెళ్లడం మానేస్తుంది. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. నిజానికి మీద పడింది వీధి.

వృద్ధుల కోసం ఏదైనా చేయమంటే పాలకులకు ముందు తట్టేది పార్కు. శంకుస్థాపనకు, ఫొటోకు అదే అనువు. ఆ పార్కు దాకా నడిచే దారి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. గుమ్మం నుంచి మందుల దుకాణం, బ్యాంకు, బస్సు ఆగే చోటు దాకా ఉన్న అర కిలోమీటరు ముందు సరికావాలి. పార్కు తర్వాత చూసుకోవచ్చు.

గుమ్మం దిగగానే కాలువ. దాని మీది కాంక్రీటు పలకలను ఎత్తడానికి పెట్టిన ఇనుప కొక్కేలు పైకి లేచి ఉంటాయి. చీర కుచ్చెళ్లు తగులుకునేది, చెప్పు ముందుభాగం ఇరుక్కునేది వాటికే. పూడిక తీసినవాళ్లు పలకను తిరిగి పెట్టేటప్పుడు కింద ఒక రాయి ఉండిపోతే చాలు, కాలు పెట్టగానే ఊగుతుంది. రెండు పలకల మధ్య సందు 12 మిల్లీమీటర్లు దాటితే చేతికర్ర మొన దిగబడుతుంది. పోత పోసేటప్పుడే కొక్కేన్ని గుంటలోకి దించితే పైసా అదనపు ఖర్చు లేదు. పాత పలకలకైతే కొక్కెం కోసేసి, అంచున గునపం దూరేంత గాడి పెట్టాలి.

రోడ్డుదీ అదే కథ. పాత తారు గీకకుండా మీద మరో పొర వేస్తారు. ఒక్కో పొర 30 మిల్లీమీటర్లనుకున్నా, నాలుగుసార్లకు దాదాపు అయిదంగుళాలు. వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయి. ఇంటివాళ్లు గడప ముందు గట్టు కడతారు. మోకాళ్ల నొప్పులవాళ్లకు అది కొత్త మెట్టు.

ర్యాంపు అన్న మాటకు మన కాంట్రాక్టర్ల అర్థం మోటారు సైకిల్ ఎక్కించే ఏటవాలు గట్టు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి. బ్యాంకు ముందు మూడు మెట్లు, అంటే 450 మిల్లీమీటర్లుంటే, ర్యాంపు 5.4 మీటర్లు రావాలి. అంత చోటు ఎదురుగా దొరకదు కాబట్టి గోడ వెంబడి తిప్పాలి. నున్నటి టైల్స్ వద్దు. చీపురుతో గీసిన గరుకు సిమెంటే మేలు. రెండు వైపులా పిడికిట్లో ఇమిడే గొట్టం, 760 నుంచి 900 మిల్లీమీటర్ల ఎత్తులో. ఇంతా కట్టాక దాని ముందు బండ్లు నిలిపితే కట్టనట్టే. అసలు 70 దాటినవారికి ఇంటివద్దకే ప్రాథమిక బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ఆ సంగతి కౌంటరు దగ్గర రాసిపెడితే సగం మందికి ఆ మెట్లెక్కే పనే ఉండదు.

సాధారణంగా సిగ్నళ్ల లెక్కలో మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడు. కర్ర పట్టుకున్నవారు 0.8 నడిస్తే గొప్ప. 12 మీటర్ల రోడ్డు మొదటివారికి 10 సెకన్లు, రెండోవారికి 15. తటపటాయింపుకు మరో మూడు కలపాలి. సిగ్నల్ లేనిచోట నడిరోడ్డున 1.2 మీటర్ల వెడల్పు గట్టుంటే సగం దాటి నిలబడవచ్చు, కొబ్బరిబొండాల బండి ముందే ఆక్రమించకపోతే.

పోయిన అరుగుకు బదులు బెంచీలు వేయాలి. 200 మీటర్లకొకటి, నీడలో, 450 మిల్లీమీటర్ల ఎత్తున. చేతులు ఆనించే పట్టు లేకుంటే కూర్చున్నవారు లేవలేరు. మూత్రం ఎక్కువగా వచ్చే నీళ్ల మాత్ర వేసుకునేవారికి మరుగుదొడ్డి దగ్గరలో లేకపోతే ఆ బెంచీ కూడా దండగే. దాని తలుపు బయటికి తెరుచుకోవాలి: లోపల పడిపోయిన మనిషి అడ్డుగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు.

మన ప్రాంతంలో సిమెంటుతో కట్టని మెట్టు ఇంకొకటుంది. ఆంధ్రలోని ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కోడళ్లుగా వచ్చిన తరంలో చాలామందికి ఒడియా నోటికి వచ్చు, కంటికి రాదు. బస్సు మీద, ఆసుపత్రి గది తలుపు మీద ఒడియా అక్షరాలే. బరంపురంలోనే కాదు, పర్లాకిమిడి, రాయగడల్లోనూ అంతే. బోర్డులన్నీ మార్చనక్కర్లేదు. గది నంబర్లు 1, 2, 3 అంకెల్లో అరచేయంత రాసి, రక్తపరీక్షకు ఒక రంగు గీత, ఎక్స్‌రేకు మరొకటి నేల మీద వేయవచ్చు. మందుల చీటీ మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు చాలు.

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న. రెండూ అక్టోబరులోనే. ఒంటరిగా ఉండేవారు, మంచం దిగలేనివారు, ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో దాచుకునేవారు ఏ ఇంట్లో ఉన్నారో, వారిని మోసుకెళ్లే నలుగురు ఎవరో వార్డువారీ జాబితా సెప్టెంబరు నెలాఖరుకు సిద్ధం కావాలి. ఆ జాబితా కోసం ఇల్లిల్లూ తిరిగే సిబ్బంది వెంట గ్యాస్ కట్టర్‌తో ఒక మనిషిని పంపితే, కాలువ పలకల కొక్కేలూ అదే తిరుగుడులో తెగిపోతాయి.