కార్ల షోరూం లేని ఊరికి ఓటెందుకండీ?

అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీ వాళ్ళ గోల వినీ వినీ విసుగొస్తోంది. 2020 జనాభా లెక్కల ప్రకారం 6,89,545 మంది. ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఠంచనుగా కడుతున్నామట, అయినా డీసీ రాష్ట్రం కాదని సెనేట్‌లో సీటు లేదట, ప్రతినిధుల సభలో ఓటు లేదట. ఏం, ఆ సభలు రెండూ కొలువుండే క్యాపిటల్ భవనం ఊళ్ళోనే ఉంది కదా? సాయంత్రం పూట వెళ్ళి చూసుకోవచ్చు కదా?

పైగా బొత్తిగా ఏమీ ఇవ్వలేదనడం అన్యాయం. ఒక డెలిగేట్‌ని ఇచ్చారు. 1991లో ఆ పీటెక్కిన ఎలినార్ హోమ్స్ నార్టన్ మూడు దశాబ్దాలకు పైగా సభలో మాట్లాడారు, కమిటీల్లో ఓటేశారు. బిల్లు చివరి ఓటింగుకి వచ్చినప్పుడు మాత్రం చేతులు కట్టుకోవాలి. పంక్తిలో కూర్చోబెట్టారు, విస్తరి వెయ్యలేదు, అంతే. దానికింత రాద్ధాంతమా?

అసలు అభ్యంతరాలు ఎంత లోతైనవో చూడండి. డీసీకి రాష్ట్ర హోదా ఇవ్వాలా అని 2021 మార్చిలో ప్రతినిధుల సభలో విచారణ జరిగితే, జార్జియా రాష్ట్రం సభ్యుడు జోడీ హైస్ కుండబద్దలు కొట్టారు: డీసీని రాష్ట్రం చేస్తే ఎయిర్‌పోర్టు, కార్ల డీలర్‌షిప్, చెత్త పారబోసే చోటు లేని ఏకైక రాష్ట్రం అవుతుందని. 1787లో రాజ్యాంగం రాసినవాళ్ళు కార్ల షోరూం సంగతి ఎత్తలేదే అని కొందరు మూర్ఖులు నవ్వారు. అంతరార్థం తెలియకపోతే అంతే మరి. ఊళ్ళో డీలర్‌షిప్ ఉందని తర్వాత తేలింది. ఓటు మాత్రం రాలేదు.

అదే విచారణలో ఒక సాక్షి ఇంకా బాగా చెప్పారు. వచ్చే దారిలో ఇళ్ళ ముందు రాష్ట్ర హోదా కావాలన్న బోర్డులు చూశారుగా, డీసీ జనం ప్రభావం చూపిస్తూనే ఉన్నారుగా అని! ఈ ఐడియా మన ఎన్నికల సంఘం చెవిన వెయ్యాలి. పోలింగ్ బూత్‌ల ఖర్చు మిగులుతుంది. గోడ మీద రాసుకుంటే చాలు.

అంతకుముందు ఏడాది సెనేటర్ టామ్ కాటన్ వయోమింగ్ రాష్ట్రాన్ని మెచ్చుకున్నారు. జనం డీసీకంటే తక్కువైనా (5,76,851) అక్కడ గనుల్లో, అడవుల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువట. కాబట్టి డీసీ వాళ్ళు చట్టాల వెంట పడడం మాని, ఊరి పక్కనున్న పోటోమాక్ నది ఒడ్డున ఓ బొగ్గు గని తవ్వుకోవడం మంచిది.

ఎందుకంటే చట్టాల దారి చూశాం. 1978లో కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) డీసీకి రెండు సభల్లోనూ సీట్లివ్వాలని రాజ్యాంగ సవరణ పంపితే 38 రాష్ట్రాలు ఒప్పుకోవాల్సింది, ఏడేళ్ళలో 16 ఒప్పుకున్నాయి. 2009లో అచ్చం సంత బేరమే. ప్రతినిధుల సభలో డీసీకో సీటు, జోడీగా యూటా రాష్ట్రానికో సీటు. సెనేట్ 61-37తో సరేనంది, కానీ మీ ఊళ్ళో తుపాకుల చట్టాలు ఎత్తెయ్యండని ఓ ముడి వేసి. బిల్లు ఆ ముడి దగ్గరే ఆగింది. 2020లోనూ 2021లోనూ ప్రతినిధుల సభ రాష్ట్ర హోదా బిల్లు నెగ్గించింది. సెనేట్ దాన్ని ఓటింగుకే తేలేదు.

ఇక ఆ నది సంగతి. అవతలి ఒడ్డున ఆర్లింగ్టన్ కూడా ఒకప్పుడు డీసీలోదే. 1846లో తెలివిగా వర్జీనియాకి తిరిగెళ్ళిపోయింది, ఓట్లు తిరిగొచ్చాయి. అదే వర్జీనియాలో, యాష్‌బర్న్‌లో మా పెద్దమ్మ మనవడున్నాడు. సిటిజన్‌షిప్ వచ్చీ రాగానే ఇద్దరు సెనేటర్లకి ఓటరైపోయాడు. ఈమధ్య ఆఫీసుకి దగ్గరని డీసీలో ఫ్లాట్ చూస్తున్నాట్ట.

"ఒరేయ్, ఆ నది దాటితే నీకు అధ్యక్షుడికి వేసే ఓటొక్కటే మిగులుతుంది, సెనేటర్లు హుష్ కాకి" అన్నాను ఫోన్లో.

"మెట్రో పక్కనే బాబాయ్, రెంట్ కూడా పర్లేదు" అన్నాడు.

"సరే, వీధి చివర కార్ల షోరూం ఉందేమో కనుక్కో."